నార్టన్ కమాండోకు రెప్లికా కాలిపర్: కొన్నేళ్లు వాడాక

నా బండి 1974 నాటి బ్రిటిష్ మోటార్‌సైకిల్, నార్టన్ కమాండో 850. ఒకప్పుడు నార్టన్ ఇంజన్లు తయారైన ఇంగ్లండ్‌లోని వుల్వర్‌హాంప్టన్‌లోనే ఉంటున్నాను కాబట్టి దీనిమీద మమకారం కాస్త ఎక్కువ. 828 సీసీల బండిని ఆపే భారం చాలావరకు ముందు చక్రానికున్న ఒకే ఒక్క 10.7 అంగుళాల డిస్కు మీదే పడుతుంది. వెనుక ఉన్నది డ్రమ్ము బ్రేకు.

ఆ డిస్కును రెండు వైపుల నుంచి ప్యాడ్లతో నొక్కి పట్టేదే కాలిపర్. బండితో వచ్చిన అసలు లాక్‌హీడ్ కంపెనీ కాలిపర్ పోత ఇనుముతో చేసినది. డిస్కుకు అటొకటి, ఇటొకటి ప్యాడ్లను నెట్టే పిస్టన్లు. బరువైనా ఒత్తిడికి చెక్కుచెదరదు. చిక్కంతా పిస్టన్లతోనే. పైనున్న క్రోము పూత లేచిపోతే తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. కాలిపర్ లోపలి గోడ బాగుంటే స్టెయిన్‌లెస్ స్టీలు పిస్టన్లు, కొత్త సీళ్లు (ఆయిల్ కారకుండా పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు వలయాలు) వేసి అదే వాడుకోవడం మేలు. సీళ్లు కూర్చునే గాడుల అంచులను తుప్పు తినేసి ఉంటేనే రెప్లికా, అంటే అదే నమూనాలో కొత్తగా చేసిన నకలు, గురించి ఆలోచించాలి.

నేను బండి కొనేటప్పటికే దానికి ఒక చవక అల్యూమినియం రెప్లికా ఉంది. చూడడానికి ముచ్చటగా ఉండేది. నాలుగు మైళ్లు నడిపి ఆపితే డిస్కు వేడెక్కి, చక్రాన్ని చేత్తో తిప్పితే బరువుగా తిరిగేది. విప్పి చూస్తే కారణం తెలిసింది. ఈ కాలిపర్లలో పిస్టన్‌ను వెనక్కి లాగే స్ప్రింగు ఉండదు. బ్రేకు నొక్కినప్పుడు చదరపు అంచుల రబ్బరు సీల్ పిస్టన్‌తోపాటు కొద్దిగా మెలితిరుగుతుంది. వదిలేయగానే యథాస్థితికి వస్తూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. గాడి కొలత తేడాగా ఉంటే ఆ పని జరగదు, ప్యాడ్లు డిస్కును రాసుకుంటూనే ఉంటాయి. నా దాంట్లో గాడి అడుగు గరుకుగా ఉంది, పైగా రెండు వైపులా లోతు ఒకేలా లేదు.

దాని బదులు కొన్న రెండో రెప్లికా గట్టి అల్యూమినియం దిమ్మె నుంచి కోసి చేసిన రకం. ధర మొదటిదానికి రెట్టింపు పైమాటే. ఇప్పటికీ అదే నడుస్తోంది. డబ్బు ఇచ్చేముందు అమ్మేవారిని రెండు విషయాలు గట్టిగా అడిగాను. మొదటిది మరలు. పాత ఇంగ్లిషు బండి బ్రేకు గొట్టాలకు 3/8 అంగుళం యూఎన్‌ఎఫ్ మర (అంగుళాల కొలతలో ఉండే సన్నని మర) ఉంటుంది. చాలా రెప్లికాలకు 10 మిల్లీమీటర్ల మెట్రిక్ మర వేస్తారు. చూపుకి రెండూ ఒకటే అనిపిస్తాయి, ఒకటి రెండు చుట్లు ఎక్కుతాయి కూడా. బలవంతంగా బిగిస్తే మెత్తని అల్యూమినియం మర చెడుతుంది, బ్రేకు ఆయిల్ కారుతుంది. రెండోది లోపలివైపు మందం. కాలిపర్ లావుగా ఉంటే చక్రం చువ్వలకు తగులుతుంది. కాబట్టి డిస్కు ముఖం నుంచి చువ్వల దాకా ఉన్న ఖాళీని కొలిచి, ఆ కొలతను అమ్మేవారికి పంపాలి.

అయితే బ్రేకులో అసలైన మార్పు కాలిపర్‌తో రాలేదు. లీవర్ నొక్కితే బ్రేకు ఆయిల్‌ను కాలిపర్‌కు నెట్టే, హ్యాండిల్ మీది మాస్టర్ సిలిండర్ లోపలి వ్యాసం ఫ్యాక్టరీ నుంచి 5/8 అంగుళం, అంటే దాదాపు 15.9 మిల్లీమీటర్లు. దానికి తొడుగు వేయించి 13 మిల్లీమీటర్లకు తగ్గిస్తే, అదే చేతి బలానికి గొట్టంలో ఒత్తిడి సుమారు ఒకటిన్నర రెట్లవుతుంది. లీవర్ ప్రయాణం కాస్త పెరుగుతుంది, అది వారంలో అలవాటైపోతుంది. అంతకుముందు నాలుగు వేళ్లతో బిగించినా ససేమిరా అన్న బండి ఇప్పుడు రెండు వేళ్లకే ఆగుతోంది. జేబులో ఒక్కదానికే డబ్బుంటే ముందు ఈ పని చేయించండి, కాలిపర్ తర్వాత చూసుకోవచ్చు.

దీర్ఘకాలంలో బయటపడ్డ లోపం ఒకటుంది. చలికాలంలో ఇక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. స్టీలు బోల్టు తలల చుట్టూ అల్యూమినియం తెల్లగా పొడిబారి, పైపూత పొక్కులు లేస్తోంది. పోత ఇనుము దానికి ఈ బాధ తక్కువ, రంగు వేస్తే సరిపోయేది. ఇప్పుడు ప్రతి శరదృతువులోనూ బోల్టులు ఒక్కొక్కటిగా విప్పి, గ్రీజు రాసి, తయారీదారు చెప్పిన బిగువుకే మళ్లీ బిగిస్తున్నాను. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి దాన్నీ మారుస్తున్నాను. పిస్టన్లు మాత్రం వేసిన రోజు ఎలా ఉన్నాయో ఇప్పటికీ అలాగే నునుపుగా ఉన్నాయి.