వ్యానుకు లిథియం బ్యాటరీ వేయించాక

మాది ప్రొద్దుటూరు. పాత టెంపో ట్రావెలర్‌లో సీట్లు పీకించి రెండు మంచాలు, ఒక చిన్న 12 వోల్టుల ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు పెట్టించాను. ఖర్చెందుకని ఇంట్లో ఉన్న 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే బ్యాటరీలో పట్టే కరెంటు లెక్క) ట్యూబులర్ బ్యాటరీని ఇన్వర్టర్‌తో సహా అందులోకి ఎక్కించాను. అది ఎత్తడానికే ఇద్దరు మనుషులు కావాలి.

మే నెలలో గండికోట పోయాం. తెల్లవారుజామున మూడింటికి ఇన్వర్టర్ కీచుమని అరిచి ఆగిపోయింది. పెన్నా లోయ వైపు నుంచి ఆకు కదిలేంత గాలి కూడా లేదు. మా ఆవిడ ఒక్క మాట అనకుండా చాప తీసుకుని బయట బండ మీదికి పోయి పడుకుంది. పొద్దున్నే 1 కేవీఏ జనరేటర్ నాలుగు గంటలు తిప్పాను. పక్క టెంట్ల వాళ్లు చూసిన చూపులు నాకింకా గుర్తే. అంత చేసినా ఆ రాత్రి మళ్లీ చాపే!

జనరేటర్ చాలట్లేదనుకుని, పెద్దది కొందామని కడపలో ఏడు రోడ్ల దగ్గర ఒక బ్యాటరీ షాపుకు పోయాను. ఆ పిల్లోడు నా ఇన్వర్టర్ ఫొటో చూసి నవ్వాడు. "అన్నా, దీంట్లో చార్జింగ్ పది ఆంప్సే. కొళాయి సన్నగా ఉంటే ట్యాంకర్ ఎంత పెద్దదైతే ఏం, బిందె ఎప్పటికి నిండాల?" నిజమే. పది ఆంప్స్ అంటే సుమారు 140 వాట్లు. అంతోటి దానికి నాలుగు గంటలు పెట్రోలు తగలేసి నేను ఎక్కించింది 40 ఏహెచ్.

అమ్ముకునే అవకాశం ఉండి కూడా పెద్ద జనరేటర్ వద్దన్నాడు, అక్కడే నాకు నచ్చాడు. 12.8 వోల్టుల 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, దానికి సరిపోయే 40 ఆంప్స్ చార్జర్ తీసుకున్నా. రెండూ కలిపి 37 వేలు. ఏహెచ్ తగ్గింది కదా అనిపిస్తుంది గానీ, ట్యూబులర్‌ను సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తరుగుతుంది. దీన్ని 80 శాతం దాకా వాడినా ఇబ్బంది లేదు. ఒంటి చేత్తో ఎత్తేస్తున్నా. ఫ్యాన్లు కూడా బ్యాటరీతో నేరుగా తిరిగే డీసీవి మార్చాను, ఇన్వర్టర్ ఊరికే తినే కరెంటు ఆదా అయింది.

ఆగస్టులో మళ్లీ అక్కడికే పోయాం. పొద్దున ఏడింటికి జనరేటర్ వేస్తే తొమ్మిదిన్నరకల్లా ఫుల్. వ్యానుకు దూరంగా, గాలి వాలు చూసి, ఇరవై అడుగుల వైరుతో పెట్టాను. పొగ లోపలికి వస్తే ప్రాణాల మీదికే వస్తుంది.

చికాకులూ ఉన్నాయి. పాత అలవాటుగా మల్టీమీటర్ పెడితే సగం ఖాళీ అయినా 13 వోల్టుల పైనే చూపిస్తుంది. ఫ్యాను నెమ్మదించి ముందుగా చెప్పడం లాంటివి ఉండవు, అయిపోతే లోపలి బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) ఒక్కసారిగా కట్ చేస్తుంది. శాతం చూపించే షంట్ మీటర్ విడిగా కొనాల్సి వచ్చింది. ఏసీ ఆశలు మాత్రం పెట్టుకోకండి.

ఇంకోటి, బండి ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి నేరుగా దీనికి వైరు లాగకూడదట. లిథియం లాగే కరెంటుకు ఆల్టర్నేటర్ వేడెక్కిపోతుంది, మధ్యలో ఆ కరెంటును అదుపులో పెట్టే డీసీ-డీసీ చార్జర్ ఉండాలి. ఈ మాట షాపులో అమ్మేటప్పుడే చెప్పుంటే బాగుండేది. నేను వైరు లాగేశాక, కనెక్షన్ ఇచ్చే ముందు మా బండి ఎలక్ట్రీషియన్ చూసి ఆపాడు. ఆ వైరు ఇప్పటికీ సీటు కింద చుట్ట చుట్టి ఉంది.