కొత్త వెర్షన్ రిజల్ట్ వ్యూయర్ కొనేవాళ్లూ, ముందు ఒక్క నంబర్ సరిచూసుకోండి

సిమ్యులేషన్ రిజల్ట్స్ చూసుకోవడానికి కొత్తగా విజువలైజేషన్ సాఫ్ట్‌వేర్ కొందామనో, ఉన్నదాన్నే కొత్త వెర్షన్‌కి మారుద్దామనో అనుకుంటున్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. కంపెనీ పేరు చెప్పను, లైసెన్స్ విషయంలో వాళ్లతో మాటలు ఇంకా నడుస్తున్నాయి. అయినా ఈ తలనొప్పి ఆ ఒక్క కంపెనీదే కాదు, ఎవరి దగ్గర కొన్నా రావచ్చు.

డెమో రోజు మేమంతా నోళ్లు వెళ్లబెట్టి చూశాం, అది మాత్రం ఒప్పుకోవాలి. కోటి ఎలిమెంట్ల (లెక్క కోసం వస్తువుని కోసుకున్న చిన్న ముక్కల) మోడల్‌ని మౌస్‌తో గిరగిరా తిప్పుతుంటే ఎక్కడా ఆగలేదు, పాతదాంట్లో ఒక్క సెక్షన్ కట్ కొట్టి టీ తాగి రావాల్సి వచ్చేది. ఫైల్ సైజు సగానికి పైగా తగ్గుతుందన్నారు, లెజెండ్ (ఏ రంగు ఏ విలువో చెప్పే పట్టీ) దానంతట అదే సర్దుకుంటుందన్నారు, కొత్త రంగులన్నారు. మేమూ సంతకం పెట్టేశాం.

అసలు కథ ఒక బ్రాకెట్ దగ్గర మొదలైంది. మెటీరియల్ అల్యూమినియం 6061-టీ6, ఈల్డ్ (లోహం శాశ్వతంగా వంగడం మొదలయ్యే స్ట్రెస్) సుమారు 276 మెగాపాస్కల్స్. లోపలి మూలలో చిన్న ఫిల్లెట్ (గుండ్రం చేసిన మూల) ఉంది, స్ట్రెస్ (లోపలి ఒత్తిడి) అంతా అక్కడే. కొత్త వ్యూయర్‌లో మ్యాక్సిమం 243 చూపించింది. హమ్మయ్య, మార్జిన్ ఉంది అనుకుని రిపోర్ట్ సగం రాసేశాను కూడా. పాత అలవాటు కొద్దీ సాల్వర్ (అసలు లెక్క చేసే ప్రోగ్రామ్) రాసిన టెక్స్ట్ ఫైల్ తెరిచి చూస్తే అదే మూలలో 291 ఉంది. ముందు నేనే తప్పు లోడ్ కేస్ (వేరే బరువులతో చేసిన లెక్క) చూస్తున్నానేమో అనుకున్నా. రెండుసార్లు మళ్లీ లోడ్ చేశా, ఎలిమెంట్ నంబర్ పట్టుకుని వెతికా, లాభం లేదు, వ్యూయర్‌లో మౌస్ పెట్టి క్లిక్ చేసినా 243 దగ్గరే కూర్చుంది.

మరుసటి రోజు సాయంత్రానికి దొరికింది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో, పిక్చర్ క్వాలిటీ అనే శీర్షిక కింద, ఫాస్ట్ వ్యూ అని ఒక చిన్న టిక్ బాక్స్, ఇన్‌స్టాల్ చేసినప్పటి నుంచి ఆన్‌లోనే ఉంది. అది మెష్‌ని, అంటే ఆ ఎలిమెంట్ల వలని, పలచన చేసి చూపిస్తుంది. మోడల్ తిప్పుతున్నంతసేపు అలా చేస్తే ఎవరికీ ఇబ్బంది లేదు, చాలా సాఫ్ట్‌వేర్లు అదే చేస్తాయి, మౌస్ వదిలాక అసలు మెష్‌కి వచ్చేస్తాయి. ఇది రావడం లేదు! పైగా క్లిక్ చేస్తే వచ్చే నంబర్ కూడా ఆ పలచన చేసిన మెష్ నుంచే తీస్తోంది. పలచన చేసేటప్పుడు ముందు కలిసిపోయేవి చిన్న ఎలిమెంట్లు. మనం చిన్న ఎలిమెంట్లు ఎక్కడ పెడతాం? స్ట్రెస్ ఎక్కువగా ఉన్న చోటే కదా. బొమ్మ బాగుంటే లోపలి నంబర్ కూడా బాగానే ఉంటుందనుకున్నాను చూడండి, అక్కడే దెబ్బ తిన్నాను.

టిక్ తీసేస్తే 268 వచ్చింది. ఇంకా 291 కాదు. మిగతా తేడా సగటు లెక్కది. సాల్వర్ స్ట్రెస్‌ని ఎలిమెంట్ లోపలి గాస్ పాయింట్లు అనే నిర్ణీత బిందువుల దగ్గర లెక్కకట్టి నోడ్ల (ఎలిమెంట్లు కలిసే బిందువుల) వరకు లాగుతుంది, ఒకే నోడ్‌కి పక్కపక్క ఎలిమెంట్లు వేరువేరు విలువలు ఇస్తాయి, వ్యూయర్ వాటి సగటు తీసి నున్నటి రంగు పూస్తుంది. పాత వెర్షన్‌లో మా టెంప్లేట్ సగటు తీయని విలువలే చూపేది, కొత్తది టెంప్లేట్‌ని పట్టించుకోకుండా తన డిఫాల్ట్‌కి వెళ్లిపోయింది. ఇందులో నా తప్పూ ఉంది, సగటుకీ సగటు తీయని విలువకీ అంత తేడా ఉందంటే అక్కడ నా మెష్ చాల్లేదని అర్థం. కానీ ఆ సంగతి నాకు తెలియాలంటే సాఫ్ట్‌వేర్ తేడాని కప్పిపెట్టకూడదు కదా! ఆ తర్వాత ఇంకో మోడల్‌లో చూస్తే స్టీలు, అల్యూమినియం కలిసే హద్దు మీద కూడా రెండు వైపులా విలువలు కలిపి సగటు తీస్తోంది. అక్కడ స్ట్రెస్‌లో విలువ ఒక్కసారిగా మెట్టులా మారడమే నిజం.

సపోర్ట్‌కి స్క్రీన్‌షాట్లతో సహా రాశాను. పన్నెండు రోజుల తర్వాత ఒక్క లైన్ జవాబు, ఇది బగ్ కాదు, డిజైనే అంత అని.

ఫైల్ సైజు తగ్గుతుందన్న గొప్ప ఫీచర్ సంగతి. అది విలువలన్నిటినీ 32 బిట్లకి కుదించి దాస్తుంది, అంటే సుమారు 7 అంకెల వరకే నమ్మకం. మామూలు స్ట్రెస్ పనికి ఇది చాలు, గొడవ లేదు. మా పక్క టీమ్‌లో శబ్దం మీద పనిచేసేవాళ్లు మాత్రం మునిగారు. గాలి పీడనం 101325 పాస్కల్స్ చుట్టూ ఉంటుంది, 60 డెసిబెల్స్ శబ్దం అంటే అందులో 0.02 పాస్కల్ కదలిక. 101325 దగ్గర 32 బిట్ల సంఖ్య ఒక్కో అడుగూ సుమారు 0.008 వేస్తుంది. వాళ్ల అలలన్నీ మెట్లమెట్లుగా వస్తే రెండు రోజులు సాల్వర్‌ని తిట్టుకున్నారు పాపం. ఒరిజినల్ ఫైల్ డిలీట్ చేయలేదు కాబట్టి బతికిపోయారు.

తనంతట తనే సర్దుకునే లెజెండ్ గురించి ఎక్కువ చెప్పను. యానిమేషన్‌లో ప్రతి ఫ్రేమ్‌కీ స్కేల్ మారిపోతుంది, మొదటి ఫ్రేమ్‌లో ఎరుపు 20, చివరి ఫ్రేమ్‌లో అదే ఎరుపు 200. కస్టమర్ ముందు వేశాక తెలిసింది. కొత్త రంగులు మాత్రం బాగున్నాయి, ఆ ఇంద్రధనుస్సు రంగుల్లో లేని హద్దులు ఉన్నట్టు కనిపించే జబ్బు వీటికి లేదు. అయితే అది కొత్త ఆవిష్కరణ అన్నట్టు అమ్మడమే నవ్వొచ్చింది, ఉచితంగా దొరికే గ్రాఫుల లైబ్రరీ మ్యాట్‌ప్లాట్‌లిబ్ 2017లోనే విరిడిస్ అనే ఇలాంటి రంగుల వరసని డిఫాల్ట్ చేసేసింది.

ఇంకో రెండు మెలికలు. కొత్త వెర్షన్‌లో ఒక్కసారి సేవ్ కొడితే ఆ ప్రాజెక్ట్ పాతదాంట్లో మళ్లీ తెరుచుకోదు. రాత్రిపూట స్క్రిప్ట్ పెట్టి బొమ్మలు తీయించుకోవడానికి విడిగా లైసెన్స్ కావాలట, డెమోలో దీని ఊసే ఎత్తలేదు.

కాబట్టి ట్రయల్ అడగండి, వాళ్ల ముద్దొచ్చే డెమో మోడల్ కాకుండా మీ దగ్గరున్న అతి పెద్ద, అతి గజిబిజి ఫైల్ వేసి చూడండి. సాల్వర్ టెక్స్ట్ ఔట్‌పుట్‌లో ఒక నోడ్, ఒక ఎలిమెంట్ ఎంచుకుని అక్కడి విలువ వ్యూయర్‌లో అంతే వస్తోందా చూసుకోండి. ఫైల్ తెరుచుకుంటే ప్యారావ్యూ అనే ఇంకో వ్యూయర్‌లో కూడా చూడండి, ఉచితమే. అందులోనూ సెల్ డేటాని పాయింట్ డేటాగా (ఎలిమెంట్ విలువల్ని నోడ్ విలువలుగా) మారిస్తే సగటే వస్తుంది, కానీ ఆ ఫిల్టర్ పెట్టేది మీరే, పెట్టినట్టు పైప్‌లైన్‌లో (చేసిన పనుల జాబితాలో) కళ్ల ముందే ఉంటుంది. పాత ఇన్‌స్టాలర్ పారేయకండి. ట్రయల్ మొదటి రోజే డిఫాల్ట్ సెట్టింగ్స్ అన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, నేను తీయలేదు, ఇప్పుడు ఆ టిక్ నేనే పెట్టుకున్నానని వాళ్లంటున్నారు.