లేబుల్ లేని బాటిల్‌లో "2కే ప్రైమర్" అమ్ముతున్నారు, కారు పెయింట్ కిట్లు కొనేవాళ్లు జాగ్రత్త

సొంతంగా కారు సొట్టలు, తుప్పు సరిచేసుకుని పెయింట్ దాకా ఇంటి దగ్గరే లాగించేద్దాం అనుకునే వాళ్లందరికీ చెప్తున్నా. వాట్సాప్‌లో "ఫుల్ 2కే కిట్, పుట్టీ నుంచి క్లియర్ దాకా అన్నీ మావే" అని ఆఫర్లు తిరుగుతున్నాయి కదా (2కే అంటే హార్డ్‌నర్ అనే రెండో భాగం కలిపితే గట్టిపడే పెయింట్, ప్రైమర్ అంటే రంగు కింద కొట్టే కోటు, క్లియర్ అంటే అన్నిటికన్నా పైన కొట్టే మెరుపు కోటు), డబ్బులు పంపే ముందు ఒక్క మాట అడగండి: ప్రైమర్, హార్డ్‌నర్ కంపెనీ సీల్ డబ్బాలో ఇస్తారా, బాటిల్‌లో పోసి ఇస్తారా అని. పోసి ఇస్తాం అంటే అక్కడితో ఫోన్ పెట్టెయ్యండి, ఎంత చీప్‌గా ఇచ్చినా సరే.

నాది 2009 ఆల్టో, సిల్కీ సిల్వర్. డ్రైవర్ డోర్ కింద అంచు తుప్పు, వెనక ఎడమ చక్రం ఆర్చి మీద పొక్కులు, ఫెండర్‌కి ఎవరో ఆటోవాడు పెట్టిన సొట్ట. షెడ్‌లో ప్యానెల్‌కి 3,500 అడిగారు, తుప్పు తీసే పని మళ్లీ వేరే లెక్క అన్నారు. ఆ బండికి అంత పెట్టడం దండగ అనిపించి, కంప్రెసర్, స్ప్రే గన్ తెలిసినవాళ్ల దగ్గర ఉన్నాయి కదా అని, విజయవాడలో ఒక పెయింట్ షాపు వాళ్ల కిట్ 4,600కి తెప్పించా. పుట్టీ, దాని హార్డ్‌నర్ ట్యూబు, 2కే ప్రైమర్, ప్రైమర్ హార్డ్‌నర్, సిల్వర్ బేస్ (రంగు కోటు), క్లియర్, క్లియర్ హార్డ్‌నర్, థిన్నర్, వాటర్ పేపర్లు, ఒక మాస్కు. పుట్టీ ఒక్కటే కంపెనీ డబ్బా, మిగతావన్నీ ప్లాస్టిక్ బాటిళ్లు, వాటి మీద మార్కర్‌తో రాసిన పేర్లు. అదేంటండీ అంటే "పెద్ద డబ్బా పగలగొట్టి మీకు కావల్సినంత ఇస్తున్నాం సార్, అందుకే రేటు తక్కువ" అన్నాడు. వినడానికి న్యాయంగానే ఉంది కదా, అక్కడే ఉంది అసలు కిటుకు.

కింది పని వరకు ఏ గొడవా లేదు. తుప్పు ఇనుము కనపడేదాకా గీకి, డోర్ కింద నీళ్లు పోయే రంధ్రాలు మట్టితో మూసుకుపోయి ఉంటే అవి తెరిచి (తుప్పు అసలు మొదలయ్యేదే అక్కడ, బయట ఎంత పెయింట్ కొట్టినా లోపల నీళ్లు నిలబడితే మళ్లీ వస్తది), పుట్టీ పెట్టి, 80 నంబర్ పేపర్‌తో మొదలెట్టి 180, 320 దాకా పొడిగానే రుద్దా. పుట్టీని నీళ్లు పోసి రుద్దొద్దు, చాలామంది దుమ్ము రాకుండా ఉంటదని నీళ్లు పోస్తారు గానీ అది నీళ్లు పీలుస్తుంది, పైన ప్రైమర్ కొట్టాక ఆ తడి లోపలే ఉండిపోయి కొన్నాళ్లకి పొక్కులు లేస్తాయి.

తర్వాత ప్రైమర్. వాళ్లు చెప్పిన కొలత నాలుగు పాళ్లు ప్రైమర్‌కి ఒక పాలు హార్డ్‌నర్, ముందే కొలత గీతలున్న కప్పులో కలిపి కొట్టా. ఆశ్చర్యంగా పది పదిహేను నిమిషాలకే ఆరిపోయింది, రుద్దితే పౌడర్‌లా ఎంత సుఖంగా పోతోందో, భలే ప్రైమర్ అనుకున్నా. బేస్ కూడా చక్కగా పడింది. క్లియర్ మొదటి కోటు కూడా బానే ఉంది. రెండో కోటు తడిగా పడ్డ కాసేపటికి ఫెండర్ మీద పుట్టీ అంచుల వెంబడి పెయింట్ మొత్తం పాల మీద మీగడలా ముడతలు పడిపోయింది, నేను చూస్తుండగానే. ఆర్చి మీద ముడతలు రాలేదు గానీ అక్కడ క్లియర్ మర్నాడు మధ్యాహ్నం ఎండలో కూడా వేలికి అంటుకుంటూనే ఉంది, గోరు పెడితే గుంట పడుతోంది.

మా వీధిలో ముప్పై ఏళ్లుగా షెడ్ నడుపుతున్న పెయింటర్ బాబాయ్ ఒకాయన ఉన్నారు, ఆయన్ని పిలిచి చూపించా. ఆయనేం మాట్లాడలేదు, ఒక పాత గుడ్డకి థిన్నర్ తడిపి, పైన బేస్ పడకుండా ప్రైమర్ మాత్రమే మిగిలిన చోట, డోర్ లోపలి అంచున పెట్టి కాసేపు ఉంచి రుద్దారు. గుడ్డ మొత్తం బూడిద రంగు. "ఇది 2కే కాదురా, ఎన్‌సీ ప్రైమర్. 2కే ఆరిపోయాక థిన్నర్‌కి కరగదు" అన్నారు.

విషయం ఏంటంటే, 2కే అంటే పెయింట్, హార్డ్‌నర్ రెండూ ఒకదాంతో ఒకటి రియాక్ట్ అయి గట్టిపడేది, ఒకసారి గట్టిపడ్డాక మళ్లీ వెనక్కి కరగదు. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రకం అలా కాదు, అందులో థిన్నర్ ఎగిరిపోతే ఆరుతుంది, మళ్లీ థిన్నర్ తగిలితే మెత్తబడుతుంది. అలాంటి దాని మీద 2కే క్లియర్ తడిగా పడితే అందులోని ఘాటు సాల్వెంట్లు కిందకి దిగి ప్రైమర్ ఉబ్బి లేస్తది, పైన సగం ఆరిన పొర ముడత పడుతుంది. పుట్టీ అంచుల దగ్గరే ఎందుకు ముందు వచ్చిందంటే అంచు కనపడకుండా అక్కడ ప్రైమర్ మందంగా పడుతుంది కాబట్టి. వాళ్లిచ్చిన "ప్రైమర్ హార్డ్‌నర్" దేంతో రియాక్ట్ అవ్వాలి పాపం, ఆ ప్రైమర్‌లో రియాక్ట్ అయ్యేది పెద్దగా లేకపోతే? అది ఒట్టి అలంకారం. పది నిమిషాల్లో ఆరిపోవడం, పౌడర్‌లా రుద్దుకోవడం, నేను మెచ్చుకున్న గుణాలన్నీ ఎన్‌సీ గుణాలే.

ఇక క్లియర్ ఆరకపోవడం సంగతి. ఇది ఇంకా దొంగ పని, ఎందుకంటే ఇది చాలామందికి అర్థం కాదు, వాతావరణం మీదకి నెట్టేస్తారు. క్లియర్‌ని పలచన చెయ్యడానికి థిన్నర్ కలుపుతాం కదా, లూజుగా అమ్మే ఎన్‌సీ థిన్నర్‌లో ఆల్కహాల్ రకాలు ఉంటాయి, చీప్ సరుకైతే నీళ్లు కూడా ఉంటాయి. పీయూ (పాలీయురేథేన్, అంటే ఈ 2కే క్లియర్ రకం) హార్డ్‌నర్‌లో ఉండే ఐసోసైనేట్ అనే రసాయనం క్లియర్‌తో కలవాల్సింది పోయి ఆ ఆల్కహాల్‌తో, నీళ్లతో కలిసి ఖర్చయిపోతుంది. అంటే మీరు క్లియర్ రెండు పాళ్లకి హార్డ్‌నర్ ఒకటి లెక్కన కరెక్ట్‌గా కొలిచినా క్లియర్‌కి దక్కే హార్డ్‌నర్ తగ్గిపోతుంది, అది ఎన్నాళ్లున్నా మెత్తగానే ఉంటుంది. పీయూ థిన్నర్ రేటు ఎక్కువ, ఎన్‌సీ థిన్నర్ డ్రమ్ముల్లో వస్తుంది, వాసన చూసి మనం కనిపెట్టలేం. నా కిట్‌లో థిన్నర్ బాటిల్ మీద "థిన్నర్" అని మాత్రమే ఉంది, ఏ థిన్నరో లేదు. దానికి తోడు క్లియర్ హార్డ్‌నర్ బాటిల్ అడుగున జెల్లీలాంటిది ఉంది, మూత మర చుట్టూ తెల్లగా పెచ్చు కట్టింది. అంటే అది ఎప్పుడో తెరిచి గాలిలో తేమ తగిలిన సరుకు. ఆ బాటిల్ తెల్లటి ప్లాస్టిక్‌ది, లోపల ఏముందో బయటకి కనపడదు, బాబాయ్ దాన్ని గ్లాసులో వంపితే గానీ బయటపడలేదు.

షాపు వాడికి ఫోటోలు, వీడియో పంపా. మొదటి జవాబు: "మిక్సింగ్ తేడా వచ్చి ఉంటది సార్." కొలత కప్పు ఫోటో పంపితే: "తేమ ఎక్కువ ఉన్నట్టుంది సార్, వర్షం పడిందా?" ఏప్రిల్ నెలలో వర్షం. గుడ్డకి ప్రైమర్ కరిగిన వీడియో పంపాక: "మేం వందల మందికి ఇచ్చాం, ఎవరూ కంప్లైంట్ చెయ్యలేదు", తర్వాత బ్లాక్. బిల్లు అడిగితే ముందే "ఎస్టిమేట్" అని రాసిన చీటీ ఇచ్చాడు, జీఎస్టీ నంబర్ లేదు, ఏ కంపెనీ సరుకో లేదు, "పెయింట్ మెటీరియల్ 4,600" అంతే. యూపీఐలో కట్టా కాబట్టి డబ్బు కట్టినట్టు రుజువైనా ఉంది.

మరి కొనేటప్పుడు ఏం చూడాలి అంటే, సీల్ డబ్బా అయినా మూత చుట్టూ స్క్రూడ్రైవర్ గుర్తులు ఉన్నాయేమో చూడండి, ఖాళీ డబ్బాల్లో మళ్లీ నింపి అమ్మే బాపతు కూడా ఉన్నారు. ప్యాక్ చేసి అమ్మే ఏ సరుకు మీదైనా తయారు చేసినవాళ్ల పేరు అడ్రసు, ఎంత ఉందో ఆ కొలత, తయారైన నెల సంవత్సరం, ఎమ్మార్పీ ఉండాలి, 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ ప్రకారం అది తప్పనిసరి. మార్కర్‌తో రాసిన బాటిల్‌లో ఇవేవీ ఉండవు. ప్రైమర్, క్లియర్, వాటి హార్డ్‌నర్లు, థిన్నర్ అన్నీ ఒకే కంపెనీ ఒకే సిరీస్‌వి తీసుకుంటే తర్వాత "ఆ కంపెనీది ఈ కంపెనీది కలిపావు" అనే సాకు కూడా ఉండదు. క్లియర్, హార్డ్‌నర్ అర లీటరు సెట్టు దొరుకుతాయి, రెండు మూడు ప్యానెళ్లకి అవి చాలు, పెద్ద డబ్బా అక్కర్లేదు.

ఇంటికి తెచ్చాక బండి మీద చుక్క పడకముందు ఈ పని చెయ్యండి. హార్డ్‌నర్‌ని గాజు గ్లాసులో కొంచెం పోసి చూడండి, తేటగా ఉండాలి, లేత పసుపు ఉన్నా పర్లేదు, మబ్బుగా ఉన్నా గడ్డలున్నా పారెయ్యండి. తర్వాత ప్రైమర్ కొంచెం హార్డ్‌నర్‌తో కలిపి ఏదైనా రేకు డబ్బీలో పోసి గట్టిగా మూత పెట్టి వదిలేయండి. 2కే అయితే మర్నాటికి మూతలోపలే గట్టి ముద్ద అవుతుంది, ఎన్‌సీ అయితే థిన్నర్ పోయే దారి లేక అలాగే కలిపినట్టే ఉంటుంది. ఇక అసలైన పరీక్ష, పాత రేకు ముక్క ఒకటి తీసుకుని దాని మీద పుట్టీ, ప్రైమర్, బేస్, క్లియర్ వరసగా మొత్తం వేసి చూడండి, ఒక రోజు పోతే పోయింది. పాత స్క్రాప్ డోర్ ముక్క అయితే ఇంకా మంచిది, టింకరింగ్ షెడ్‌లో అడిగితే ఊరికే ఇస్తారు.

పుట్టీ గురించి కూడా ఒక మాట. ట్యూబులో ఉండే ఎర్ర హార్డ్‌నర్ 100 గ్రాముల పుట్టీకి 2 గ్రాములు, అంతే. త్వరగా గట్టిపడాలని ఎక్కువ కలిపితే ఆ హార్డ్‌నర్‌లో ఖర్చవకుండా మిగిలిన పెరాక్సైడ్ పైకి వచ్చి లేత రంగు పెయింట్ల మీద పసుపు మచ్చలు దిగుతాయి, తెల్ల బండి వాళ్లకి మరీను. మన ఎండలకి మామూలు కొలతతోనే నాలుగైదు నిమిషాల్లో బిగుస్తుంది, కాబట్టి కొంచెం కొంచెం కలుపుకోవడమే.

నాకు డబ్బు కంటే ఎక్కువ కోపం తెప్పించింది కిట్‌లో పెట్టిన మాస్కు. గుడ్డ మాస్కు అండీ, కరోనా టైములో మిగిలిపోయినట్టుంది. పీయూ క్లియర్ స్ప్రే చేస్తే వచ్చే తుంపరలో ఐసోసైనేట్ ఉంటుంది, అది ఆస్తమా తెప్పిస్తుంది, ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే తర్వాత కొంచెం తగిలినా ఊపిరి ఆడదు. వాసన రావట్లేదు కదా అని ధీమా పడటానికి లేదు, వాసన తెలిసే సరికే ఎక్కువ పీల్చేసి ఉంటాం. సరైన పెయింట్ బూత్‌లలో బయటి నుంచి గాలి వచ్చే పైపు మాస్కు వేసుకుని కొడతారు. నేను కార్ట్రిజ్ మాస్కు వేరే కొనుక్కున్నా, ఇంక ఆ క్లియర్ ఇంట్లో కొట్టే ఉద్దేశం మాత్రం లేదు, పై ఇంట్లో చిన్న పిల్లలున్నారు.

డబ్బు ఆదా అయ్యేది ఎక్కడో కూడా చెప్పేస్తా. షెడ్ బిల్లులో పెద్ద భాగం కూలీ, ఆ కూలీలో ఎక్కువ టైము పట్టేది తుప్పు గీకడం, పుట్టీ, రుద్దుడు. అది మనం చేసుకుని స్ప్రే మాత్రం పెయింటర్‌కి ఇస్తే బాగానే మిగులుతుంది. కాకపోతే ముందే మాట్లాడుకోవాలి, చాలామంది పెయింటర్లు వేరేవాళ్లు పెట్టిన పుట్టీ మీద కొట్టమంటే ఒప్పుకోరు, తర్వాత ఏమైనా వస్తే పేరు వాళ్లది పోతుంది కాబట్టి. మా బాబాయ్ అయితే "పుట్టీ వరకు చేసుకో, ప్రైమర్ నుంచి నేను చూసుకుంటా, మెటీరియల్ నా ఎదురుగా డబ్బా తెరవాలి" అని షరతు పెట్టారు.

1915కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇచ్చా, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. లేబుల్ లేకుండా అమ్మినందుకు తూనికలు కొలతల శాఖకి విడిగా రాశా. తర్వాత షాపు నుంచి వేరే నంబర్‌తో ఫోన్ వచ్చింది, "హార్డ్‌నర్ కొత్తది పంపిస్తాం సార్, కంప్లైంట్ తీసెయ్యండి" అని. ప్రైమర్ సంగతేంటి అంటే కట్ చేశాడు. ఒప్పుకోలేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు విలువకి ఫీజు లేదు, ఆన్‌లైన్‌లో కూడా వెయ్యొచ్చు, ఆ కాగితాలు తయారు చేస్తున్నా. ఎవరికైనా ఇలా జరిగితే మిగిలిన సరుకు పారబోయకండి, బాటిళ్లు అలాగే మూతపెట్టి దాచండి, సాక్ష్యం అదే.

ఇప్పటికే ఇలాంటి ప్రైమర్ కొట్టేసి పైన ఇంకా ఏమీ వెయ్యని వాళ్లు ఉంటే అక్కడే ఆగండి, గుడ్డ టెస్ట్ చెయ్యండి, కరిగితే మొత్తం తీసెయ్యాలి, వేరే దారి లేదు. పైన మంచి ప్రైమర్ కొట్టి కప్పేద్దాం అనుకోకండి, దాని సాల్వెంట్లు కూడా కిందకి దిగి అదే పని చేస్తాయి. మామూలు రేకు మీద ఉన్నదాన్ని థిన్నర్, గుడ్డతో తుడిచెయ్యొచ్చు గానీ పుట్టీ ఉన్న చోట థిన్నర్ గానీ పెయింట్ రిమూవర్ గానీ పొయ్యొద్దు, పుట్టీ పీల్చేసుకుంటుంది. అక్కడ 180తో పొడిగా రుద్దడమే. నా ఫెండర్ అయిపోయింది, ఆర్చి దగ్గర క్లియర్ ఇంకా జిగురుగానే ఉండి పేపర్ నిండా పట్టేస్తోంది, అది స్క్రేపర్‌తో లాగాల్సి వస్తోంది.