వెంట్రుకల ఉండా, గొంతులో ముల్లా? – సైనిక్‌పురిలో పిల్లుల ప్రథమచికిత్స తరగతి

హైదరాబాద్ సైనిక్‌పురిలోని ఒక ప్రైవేటు పశువైద్యశాల పిల్లులను పెంచుకునేవారి కోసం ఆదివారం పూట నిర్వహిస్తున్న ప్రథమచికిత్స తరగతికి ఇటీవల హాజరయ్యాను. గొంతుకు ఏదైనా అడ్డుపడి పిల్లికి ఊపిరాడనప్పుడు ఇంట్లోవారు ఏం చేయాలన్నదే పాఠం. రుసుము వెయ్యి రూపాయల లోపే. తరగతిలో మొదటి సగం ఆ సొమ్ముకు మించిన విలువ చేస్తుంది. రెండో సగం గురించి అంత ధీమాగా చెప్పలేను.

పాఠం చెప్పిన డాక్టరుగారు చికిత్స జోలికి వెళ్లకుండా చాలాసేపు పోల్చుకోవడం మీదే నిలబడ్డారు. పిల్లి నేలకు వంగి, మెడ ముందుకు చాచి, పొట్ట ఎగదన్నుతూ ఓకరిస్తే చాలామంది గొంతుకేదో అడ్డం పడిందనుకుని కంగారుపడతారు. నిజానికి అది చాలాసార్లు ఒళ్లు నాక్కునేటప్పుడు మింగిన వెంట్రుకల ఉండను కక్కే ప్రయత్నమే. మధ్యమధ్య ఊపిరి తీసుకుంటూనే ఉండి, కాసేపటికి కక్కేసి తన దారిన తాను పోతుంది. ఉబ్బసం ఉన్న పిల్లి కూడా దాదాపు అలాగే వంగి కూర్చుంటుంది గానీ, పొడిదగ్గు, ఊపిరిలో ఈల లాంటి చప్పుడు తప్ప బయటికి ఏమీ రాదు. నిజంగా గాలి దారి మూసుకుపోతే లక్షణాలు వేరు: తింటూనో ఆడుకుంటూనో ఉన్నట్టుండి ముందుకాళ్లతో మూతి గీరుకుంటుంది, చొంగ కారుస్తుంది, నోరు తెరిచి పెనుగులాడుతుంది, అరుపు రాదు, చిగుళ్లు పాలిపోయి నీలం తిరుగుతాయి. కొన్ని పిల్లులకు చిగుళ్ల మీద మామూలుగానే నల్లమచ్చలు ఉంటాయి కాబట్టి, ఆరోగ్యంగా ఉన్నప్పుడే పెదవి ఎత్తి వాటి సహజమైన రంగు చూసి గుర్తుపెట్టుకోమన్నారు. విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 20 నుంచి 30 సార్లు ఊపిరి తీసుకోవడం సహజమట.

దగ్గగలుగుతున్న పిల్లి నోట్లో చేతులు పెట్టకుండా, బోనులో కూర్చోబెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలన్న మాట పదేపదే వినిపించింది. ఊపిరి ఆగిపోతున్నప్పుడు మాత్రం తువ్వాలులో చుట్టి, నోరు తెరిచి, వెలుతురులో చూసి, కనిపించినదాన్ని మాత్రమే పట్టకారుతో తీయాలి. కనపడని చోట వేలు పెట్టి వెతికితే అడ్డుపడినది మరింత లోపలికి పోతుంది. దారం కనిపిస్తే అసలు లాగకూడదు. దాని రెండో కొస నాలుక మొదట్లో చుట్టుకునో, పేగుల దాకా వెళ్లో ఉండవచ్చు, లాగితే పేగు కోసుకుపోతుంది. పిల్లి నాలుక మీది ముళ్లు గొంతు వైపు వాలి ఉండటం వల్ల ఒకసారి నాలుకకు చిక్కిన దారాన్ని అది ఉమ్మలేదు. మల్లెదండల దారం, సంక్రాంతి మాంజా, సూదిదారం పడేసి ఉండే మన ఇళ్లకు ఇంతకన్నా పనికొచ్చే హెచ్చరిక లేదు. చేపముల్లు సంగతి సరే, దాన్ని అందరూ ముందే అనుమానిస్తారు.

రెండో సగం అభ్యాసం. పిల్లి వీపును మన ఛాతీకి ఆనించి పట్టుకుని, పక్కటెముకల కింద పిడికిలితో లోపలికి, పైకి అయిదుసార్ల వరకు నొక్కి, మళ్లీ నోరు చూడటం. స్పృహ తప్పి ఊపిరి ఆగితే నిమిషానికి 100 నుంచి 120 చొప్పున ఛాతీని 30 సార్లు నొక్కి, రెండుసార్లు ముక్కులోకి ఊపిరి ఊదడం నేర్పారు. పశువుల గుండె పునరుజ్జీవనం కోసం ‘రికవర్’ అనే పశువైద్య నిపుణుల బృందం 2012లో వెలువరించి 2024లో సవరించిన మార్గదర్శకాలలోని లెక్క ఇదే. నొక్కడంలో బలం ఎంతో చేతికి తెలియాలి కదా, అక్కడే తరగతి తేలిపోయింది. అంతమందికి కలిపి ఒకే బొమ్మ, అదీ కుక్క బొమ్మ. ఒక్కొక్కరి వంతుకు ఒకటి రెండు నిమిషాలు దక్కాయి. పంచిన కరపత్రం పూర్తిగా ఇంగ్లీషులో ఉంది, వచ్చినవారిలో ఎక్కువమంది మాట్లాడుకున్నది తెలుగు, ఉర్దూ.

మరో లోటు ఇంతకన్నా పెద్దది. నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల, రాజేంద్రనగర్ వెటర్నరీ విశ్వవిద్యాలయ ఆసుపత్రి పేర్లు చెప్పారు గానీ, అర్ధరాత్రి ఉప్పల్‌లోనో మియాపూర్‌లోనో ఉన్నవారు ఎక్కడికి వెళ్లాలో చెప్పలేదు. అడ్డు తొలగి పిల్లి లేచి తిరుగుతున్నా, గొంతు వాపు, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం వంటివి తర్వాత బయటపడవచ్చు కాబట్టి డాక్టరుకు తప్పక చూపించాలని ఆయనే అన్నారు. అలాంటప్పుడు రాత్రి వేళ తెరిచి ఉండే చోట్ల జాబితా పాఠంలో భాగం కావాలి. ఈ రెండు లోపాలతోనే అయినా, కొత్తగా పిల్లిని తెచ్చుకున్నవారిని వెళ్లమనే చెబుతాను. వెళ్లేముందు తమ పిల్లికి బోనులో కూర్చోవడం అలవాటు చేసుకుంటే మరీ మంచిది, ఎందుకంటే ఆ ఒక్కటీ అక్కడ నేర్పరు.