కాపిలానోనా, లిన్ కాన్యనా: వాంకూవర్‌లో ఏ వంతెన మేలు?

వాంకూవర్ చూడ్డానికి వచ్చేవాళ్ళ లిస్టులో ఊగే వంతెన తప్పకుండా ఉంటుంది. నార్త్ వాంకూవర్‌లో అలాంటివి రెండున్నాయి: కాపిలానో, లిన్ కాన్యన్. కాపిలానోలో టికెట్ పెద్దవాళ్ళకి 60 కెనడా డాలర్ల పైమాటే. నలుగురు వెళ్తే ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి. లిన్ కాన్యన్‌లో టికెట్టే లేదు. 1912లో తెరిచిన కొత్తలో మాత్రం మనిషికి పది సెంట్లు తీసుకునేవారట!

కాపిలానో పొడవు 140 మీటర్లు, నది మీద 70 మీటర్ల ఎత్తు. లిన్ వంతెన పొడవు అందులో మూడోవంతే, ఎత్తు 50 మీటర్లు. కాళ్ళు వణకడానికి ఆ ఎత్తు చాలు. పైగా అది సన్నగా ఉంటుంది, ఎదురుగా ఎవరైనా వస్తే పక్కకి తిరిగి దారివ్వాలి. మా అమ్మ సగం దూరం వెళ్ళేసరికి అటు నుంచి ఇద్దరు పిల్లలు పరుగెత్తుకొచ్చారు. వంతెన ఊగిపోయింది. అమ్మ తడి కేబుల్‌ని రెండు చేతులా పట్టుకుని, "కిందికి చూడొద్దని ముందే చెప్పొచ్చు కదరా" అంది.

కాపిలానోలో డబ్బులు ఊరికే పోవు. కొండ అంచున వేలాడే క్లిఫ్‌వాక్, చెట్ల మధ్య ఏడు చిన్న వంతెనలు, చలికాలంలో దీపాల అలంకరణ ఉంటాయి. డౌన్‌టౌన్‌లో కెనడా ప్లేస్ నుంచి ఫ్రీ షటిల్ నడుపుతారు. లిన్‌కి వాటర్‌ఫ్రంట్‌లో సీబస్ అనే పడవ ఎక్కి, అవతలి ఒడ్డున లాన్స్‌డేల్ కీ దగ్గర 228 బస్సు పట్టుకుని, దిగాక కాస్త నడవాలి. పన్నెండు నిమిషాల సీబస్ ప్రయాణంలో నీళ్ళ మీంచి ఊరంతా కనిపిస్తుంది, నాకైతే అదే సగం సరదా.

ఒక్కపూటే టైముండి, పిల్లలతో వస్తే కాపిలానోకే వెళ్ళండి. మీరు వాంకూవర్ ఉన్న బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలోనే ఉంటే మీ టికెట్టే ఏడాది పాస్ అవుతుంది, అప్పుడు బేరం గిట్టుబాటే. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకి అడవి చూపించాలంటే మాత్రం నా ఓటు లిన్‌కే. మోకాళ్ళ నొప్పులుంటే వంతెన దాటి వెనక్కి వచ్చేయండి. అక్కడి థర్టీ ఫుట్ పూల్ అనే మడుగుకి వెళ్ళే దారిలో మెట్లు చాలా ఉన్నాయి. ఆ నీళ్ళు ఎండాకాలంలో కూడా మంచులా ఉంటాయి. కుర్రాళ్ళు రాళ్ళ మీంచి దూకుతున్నారు కదా అని మీరు దూకొద్దు, అక్కడ ప్రాణాలు పోయినవాళ్ళున్నారు.