‘స్లిమ్ టీ’ సంచులు: కాటా మీద తగ్గేది నీళ్లే

నెల్లూరు, ఒంగోలు మందుల షాపుల్లో అమ్మే సన్నబడే టీ పెట్టెల మీద ముందువైపు నాజూకు నడుము బొమ్మ ఉంటుంది. చూడాల్సింది వెనకవైపు. సునాముఖి, స్వర్ణపత్రి, నేలతంగేడు, సెన్నా... ఇవన్నీ ఒకే మొక్క పేర్లు, వీటిలో ఏది కనిపించినా అది విరేచనాల మందే. అల్లం, సోంపు పైపై రుచికి.

సునాముఖిలోని మందు పదార్థాలైన సెన్నోసైడ్లు పెద్దపేగుకు చేరి, అక్కడి బ్యాక్టీరియా విడగొట్టాకే పనిచేస్తాయి. అందుకే రాత్రి తాగితే 6 నుంచి 12 గంటలకు కదలిక వస్తుంది. ఈలోపు తిన్న కారం దోసెలోని పిండీ నూనే చాలావరకు చిన్నపేగులోనే ఒంటికి పట్టేసి ఉంటాయి. పొద్దున కిలో తగ్గిందంటే పోయింది నీళ్లూ లవణాలూ. పైగా సునాముఖి మాత్రకు మిల్లీగ్రాముల లెక్కుంది, టీ సంచికి లేదు. ఎంతసేపు నానిందన్నదాన్ని బట్టి మందు ఎక్కువో తక్కువో దిగుతుంది.

అసలు చిక్కు మానేసినప్పుడు మొదలవుతుంది. నీళ్లు పోయిన ఒళ్లు ఉన్నవాటిని పట్టి ఉంచుకుంటుంది. పాదాలు వాస్తాయి, కాటా పైకి లేస్తుంది. అది రెండు మూడు వారాల్లో దిగిపోయే నీరే. కానీ లావైపోతానన్న భయంలో ఉన్న మనిషికి అది కొవ్వులా కనిపిస్తుంది, మళ్లీ సంచి విప్పుతారు. విరేచనాలతో పొటాషియం పోతే పేగు కూడా మందగిస్తుంది, ఆ మలబద్ధకానికి ఇంకో సంచి! రక్తంలో పొటాషియం లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్ మధ్య ఉండాలి. బాగా దిగితే పిక్కలు పట్టేయడం, నీరసం, చివరికి గుండె లయ తప్పడం. రోహిణి కార్తె ఎండల్లో చెమటకు ఇదీ తోడైతే మరీ ప్రమాదం. డిగాక్సిన్ అనే గుండె మందు, మూత్రం జారీ అయ్యే మాత్రలు వాడేవాళ్లు దీని జోలికే పోకూడదు.

పగలంతా కడుపు మాడ్చుకోవడం, రాత్రి పదింటికి ఆపుకోలేక గిన్నె ఖాళీ చేయడం, ఆ సిగ్గుతో వాంతి చేసుకోవడమో రెండు సంచులు తాగడమో... ఇది వారాల తరబడి సాగితే బులీమియా (అతిగా తిని, తిన్నది వదిలించుకోవాలని చూసే తిండి రుగ్మత) అనుమానించాలి. బరువు మామూలుగానే ఉండొచ్చు కాబట్టి ఇంట్లోవాళ్లకు పట్టదు. వేలి కణుపుల మీద కాయలు, చెవి కింద బుగ్గల వాపు, అరిగిన పళ్లు ఆనవాళ్లు. వాంతయ్యాక వెంటనే బ్రష్ వద్దు, నీళ్లతో పుక్కిలిస్తే చాలు. రాత్రి తిండి అదుపులోకి రావాలంటే ముందు పగటి తిండి కుదరాలి. మూడు పూటల భోజనం, మధ్యలో రెండు చిరుతిళ్లు, నాలుగు గంటలకు మించి ఖాళీ కడుపు లేకుండా.

మలబద్ధకానికి ఒకటి రెండు రాత్రులైతే అయిదులో మూడు మార్కులు, సన్నబడటానికైతే సున్నా. నెలల తరబడి రోజూ తాగుతున్నవాళ్లు ముందు ఎలక్ట్రోలైట్ల (పొటాషియం లాంటి లవణాల) రక్తపరీక్ష, ఈసీజీ చేయించుకుని డాక్టరు సలహాతో మానాలి. వాపుకు సొంతంగా మూత్రం మాత్ర వేసుకోవద్దు. గుండె దడ, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే నేరుగా ఎమర్జెన్సీకే. తిండి గురించిన భయం, సిగ్గు మాట్లాడుకోవడానికి టెలీ మానస్ 14416 ఉంది. 2022 నుంచి నడుస్తున్న ప్రభుత్వ సేవ, 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. తాగే సంచులెన్నో, ఎన్నాళ్లుగానో దాచకుండా చెప్పాలి.