సైట్ కెమెరాతో మూడేళ్లు: రాత్రి కోసం కొన్నాను, పగలు పనికొచ్చింది

ఈ కెమెరా కోపంలో కొన్నాను. స్లాబ్ వేయడానికి రెండు రోజుల ముందు, శనివారం రాత్రి, మా కట్టడం సైట్‌లో దించిన 16 ఎంఎం ఇనుప ఊచల్లో 60 మాయమయ్యాయి. ఒక్కోటి 12 మీటర్ల పొడవు. మిల్లీమీటర్లలో ఉన్న వ్యాసాన్ని దాంతోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. ఆ లెక్కన పోయింది 1,138 కిలోలు. అది భుజాన వేసుకుని పోయే సరుకు కాదు. బండి వచ్చి ఉండాలి, మనుషులు ఎక్కించి ఉండాలి, గేటు తెరుచుకుని ఉండాలి. వాచ్‌మన్ మాత్రం చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా వినలేదన్నాడు.

పోయిన ఇనుము ఖరీదెంతో అప్పుడే తెలిసింది. దెబ్బ ఎంతో తెలియడానికి నెల పట్టింది. సోమవారం రావాల్సిన కాంక్రీటు వాయిదా వేశాం. స్లాబ్ పోయడానికి అద్దెకు తెచ్చి బిగించిన సెంట్రింగ్ (కాంక్రీటును మోసే ప్లేట్లు, ఆసరాలు) ఆరు రోజులు ఊరికే నిలబడింది, అద్దె మాత్రం నడిచింది. ఊచలు వంచి కట్టే ముఠా రెండు రోజులు చూసి ఇంకో పనికి వెళ్లిపోయింది. వాళ్లను వెనక్కి రప్పించడానికి కూలి పెంచాల్సి వచ్చింది. అర్జెంటుగా కొద్ది మోతాదులో తెప్పించిన ఇనుముకు రేటూ ఎక్కువే, బండి కిరాయీ ఎక్కువే. అన్నీ కలిపితే పోయిన సరుకు విలువకు రెండున్నర రెట్లు తేలింది. నూటికి 8 మిగిలే పనిలో 100 పోతే, ఆ వంద మళ్లీ చేతికి రావడానికి 1,250 విలువైన పని చేయాలి. ఈ లెక్క వేసుకున్న సాయంత్రమే కెమెరా ఆర్డర్ పెట్టాను.

అప్పటినుంచి మూడేళ్లు, మూడు సైట్లు. నా దగ్గరున్నది సోలార్ ప్యానెల్, బ్యాటరీ, 4జీ సిమ్‌తో నడిచేది. నాలుగు మీటర్ల స్తంభం, అటూ ఇటూ తిరిగే కెమెరా, కదలికను పట్టే సెన్సర్, లైటు, సైరన్. కంపెనీ పేరు అనవసరం, ఈ మంచీ చెడూ ఈ రకం కెమెరాలు చాలావాటికి ఉన్నవే.

మొదటి రెండు నెలలు నరకం. రాత్రికి వందకు పైగా అలర్ట్‌లు. కుక్క నడిస్తే అలర్ట్, టార్పాలిన్ ఎగిరితే అలర్ట్. అన్నిటికంటే పెద్ద శత్రువు సాలెపురుగు. చీకట్లో కెమెరా వదిలే, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు దగ్గర చిన్న పురుగులు చేరతాయి, వాటికోసం సాలీడు అద్దం ముందే గూడు కడుతుంది. ఆ దారం గాలికి ఊగినప్పుడల్లా నా ఫోన్ మోగేది. పదో రోజుకు నేను ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకోవడం మొదలుపెట్టాను. అప్పుడిక కెమెరా ఉన్నా లేనట్టే కదా. చివరికి ఇన్‌ఫ్రారెడ్ ఆపేసి, కెమెరాకు దూరంగా వేరే లైటు కట్టాను. అలర్ట్ ఇచ్చే ప్రాంతాన్ని ఇనుము, స్టోర్, గేటు వరకే గీశాను. వారానికోసారి చీపురుతో దులపమని ఒకరికి పని అప్పగించాను. ఇప్పుడు రాత్రికి మూడు నాలుగు అలర్ట్‌లు, అవి చూడదగ్గవే.

ప్యానెల్ గురించి ఎవరూ చెప్పని సంగతి సిమెంటు దుమ్ము. దానిమీద మంచు కురిసిందంటే పొర గట్టిపడుతుంది, ఉత్త గుడ్డతో రాదు. మూడో నెలలో వరుసగా మూడు రోజులు మబ్బు పట్టింది, అసలే ప్యానెల్ మురికి, బ్యాటరీ అయిపోయి తెల్లవారుజామున కెమెరా ఆరిపోయింది. మళ్లీ వెలిగాక దాని గడియారం తప్పుగా ఉంది. వారం తర్వాత గానీ నేను గమనించలేదు. తేదీ తప్పున్న వీడియో ఎవరికి చూపిస్తాం?

దొంగ వచ్చింది మూడేళ్లలో ఒక్కసారే. రెండో సైట్‌లో, రాత్రి రెండింటికి. సైరన్ మోగింది, లైటు వెలిగింది, నాకు ఫోన్ వచ్చింది. నేను, మేస్త్రీ చేరేసరికి 35 నిమిషాలు. వాళ్లు 12 నిమిషాల్లో రెండు కట్టల సెంట్రింగ్ ప్లేట్లు లాక్కుని వెళ్లిపోయారు. వీడియోలో ముఖానికి గుడ్డలు కట్టుకున్న ఇద్దరు, ఒక బండి. నంబర్ ప్లేటు చోట తెల్లటి మచ్చ, అంతే. ప్లేటు వెలుగును తిప్పికొడుతుంది కాబట్టి రాత్రిపూట మామూలు కెమెరాకు అంకెలు దొరకవని అప్పుడు అర్థమైంది. ఆ తర్వాత నేను చేసిన పని కెమెరాకు సంబంధించింది కాదు. గేటు నుంచి సామాను పేర్చిన చోటికి బండి వెళ్లకుండా దారి మధ్యలో బరువైన కాంక్రీటు దిమ్మలు పెట్టించాను. దొంగకు పట్టే సమయం మనం చేరే సమయం కంటే ఎక్కువైతేనే సైరన్‌కు అర్థం ఉంది.

అసలు లాభం నేను అనుకోని చోట వచ్చింది. గేటు దగ్గర కరెంటు ఉంది కదా అని రెండో కెమెరా పెట్టి, రోజంతా ఆగకుండా రికార్డు చేయించాను. మెమరీ కార్డు లెక్క ముందే చూసుకోండి. సెకనుకు 2 మెగాబిట్ల వీడియో 24 గంటలు నడిస్తే రోజుకు 21.6 జీబీ, అంటే 128 జీబీ కార్డు ఆరు రోజులు కూడా రాదు. ఏడో రోజు కావాల్సిన వీడియో మీద కొత్తది ఎక్కేస్తుంది. నాకు ఒకసారి అలాగే అయింది.

గేటు కెమెరాతో పాటు ఒక రిజిస్టర్ మొదలుపెట్టాం. వచ్చిన బండి నంబరు, సమయం, సరుకుతో వచ్చే చీటీ, అంటే చలాన్‌లో రాసిన సంఖ్య, మనం లెక్కపెట్టిన సంఖ్య. మొదటి నెలలోనే నాలుగు బండ్లలో సిమెంటు బస్తాలు చలాన్ కంటే తక్కువ దిగాయి. ఇంకో బండి ఇసుక దించి, ఖాళీగా వెళ్లాల్సింది పోయి తొట్టి అడుగున మన ఊచల ముక్కలు వేసుకుని వెళ్తోంది. ఇన్నాళ్లూ దాన్ని "వేస్టేజి" అని రాసుకుంటున్నాం. రాత్రి దొంగకు భయపడి కొన్నాను గానీ, ఏడాది మొత్తంలో ఎక్కువ సరుకు పోయింది పగలే, తెరిచిన గేటులోంచే.

బీమా విషయంలో కూడా ఆ రిజిస్టరే ఆదుకుంది. కట్టే పనికి, సామానుకు జరిగే నష్టం కోసం కాంట్రాక్టర్లు తీసుకునే ఆల్ రిస్క్ పాలసీలో సాధారణంగా ఒక షరతు ఉంటుంది: స్టాకు లెక్కించినప్పుడు మాత్రమే బయటపడ్డ తరుగు చెల్లదు. ఫలానా రోజు పోయిందని చూపించాలి. పైగా మొదటి కొంత నష్టం మనమే భరించాలి, పని ఆలస్యమైనందుకు అయ్యే ఖర్చు అసలు రాదు. ఊచల దొంగతనంలో నాకు చేతికి వచ్చింది స్వల్పం. సెంట్రింగ్ ప్లేట్ల విషయంలో ముందు సాయంత్రం లెక్క, వీడియో రెండూ ఉండటంతో పెద్దగా గొడవ లేకుండా ఒప్పుకున్నారు.

మేస్త్రీ మొదట్లో ముఖం మాడ్చుకున్నాడు. "మమ్మల్ని దొంగల్లా చూస్తున్నారా సార్?" అన్నాడు. నా దగ్గర సరైన జవాబు లేదు. కూలీలు అన్నం తినే చోటు కెమెరాలో పడుతోందని అప్పుడే గమనించి దాన్ని పక్కకు తిప్పాను. నాలుగు నెలల తర్వాత, సెంట్రింగ్ కింద ఆసరాగా నిలబెట్టే జాకీల్లో 11 తగ్గాయి. అంతకు ముందు రోజే పని మానేసి వెళ్లిన ఒక కుర్రాడి మీద అందరికీ అనుమానం, నాకూ అనుమానమే, అతని కూలి బాకీ ఆపేశాను కూడా. మేస్త్రీయే వచ్చి, "గేటు వీడియో ఒకసారి వేయండి సార్" అన్నాడు. వేశాం. అద్దె సామాను వెనక్కి ఇచ్చిన రోజు మన జాకీలు కూడా ఆ బండిలో ఎక్కాయి, ఎక్కించింది మా మనుషులే, పొరపాటున. ఆ కుర్రాడికి ఫోన్ చేసి డబ్బు పంపాను. అతను మళ్లీ మా దగ్గరికి పనికి రాలేదు.

ఇక కెమెరా వల్ల కానివి. డీజిల్ దొంగతనాన్ని ఇది పట్టదు. అయిదు లీటర్ల డబ్బా ఎవరి సంచిలోనైనా ఇముడుతుంది. జనరేటర్ మీటరులో గంటలు, పోసిన లీటర్లు రోజూ రాయిస్తే మూడో రోజుకే తేడా కనిపించింది. రాగి తీగ ఇంకో కథ. గోడలోంచి తీగ లాగేస్తే తీగ ఖరీదు చిన్నది, పైపు పగిలి గోడ మళ్లీ కొట్టడం పెద్దది. తలుపులు బిగించి తాళాలు పడ్డాకే వైరింగ్ చేయిస్తున్నాను. ఏ సామానైనా వాడే వారానికి ముందు తెప్పించను.

మొదటి ఏడాది నెలకింతని కట్టి తీసుకున్న, దూరం నుంచి మనుషులు చూసే సర్వీసు మానేశాను. వాళ్లు చూసి నాకే ఫోన్ చేస్తారు, ఆ పని అలర్ట్ చేస్తూనే ఉంది. ఇప్పుడు మళ్లీ కొనాల్సి వస్తే గేటు కెమెరా ముందు, స్తంభం కెమెరా తర్వాత. బ్యాటరీ ఒకసారి మార్చాను, స్తంభం కాస్త తుప్పు పట్టింది, మిగతాదంతా బాగానే ఉంది. ఊచలు కట్టే సన్న తీగ మాత్రం ఇప్పటికీ తగ్గుతూనే ఉంది, ఎలా పోతోందో కనిపెట్టలేకపోయాను.